థీసిస్ రాస్తూ రోజూ రాసే అలవాటు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎచ్చెర్ల అంబేడ్కర్ యూనివర్సిటీలోనో, విజయనగరం జేఎన్‌టీయూలోనో, వైజాగ్ ఏయూలోనో పిహెచ్‌డీకి రిజిస్టరై, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉంటూ పరిశోధన చేస్తున్నవాళ్లు నన్ను అడిగే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. కోర్స్‌వర్క్ అయిపోయింది, డేటా చేతిలో ఉంది, పుస్తకాలు బీరువా నిండా ఉన్నాయి, రాత మాత్రం కదలదు. వీళ్లకు తెలివి తక్కువా కాదు, శ్రద్ధ తక్కువా కాదు. రాయడానికంటూ రోజులో ఒక చోటు లేదు. ఆ చోటు ఎలా చేసుకోవాలో, చేసుకున్నాక ఎలా కాపాడుకోవాలో ఇక్కడ రాసిపెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

ఇంకా చదవాల్సింది చాలా ఉంది. చదవడం పూర్తయ్యాక రాస్తే సరిపోదా?

సరిపోదు. చదవడం ఎప్పటికీ పూర్తి కాదు. థీసిస్‌లు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే అని నా గట్టి నమ్మకం.

ఉత్తరాంధ్ర కథ మీద పనిచేస్తున్న వాళ్లనే తీసుకోండి. కారా మాస్టారు (కథకుడు కాళీపట్నం రామారావు) 1997లో శ్రీకాకుళంలో కథల కోసమే పెట్టిన గ్రంథాలయం కథానిలయానికి వెళ్తే, ఎన్ని నెలలు కూర్చున్నా చదవాల్సిన కథ మిగిలే ఉంటుంది. సంచీ నిండా జిరాక్సులతో ఇంటికి వస్తారు. ఆరు నెలల తర్వాత ఆ కాగితాలు తీస్తే, పక్కన గీతలు కనిపిస్తాయి గానీ ఆ గీత ఎందుకు గీశారో గుర్తుండదు. అదే, చదివిన రోజు సాయంత్రమే అరపేజీ రాస్తే? ఈ కథ నా ప్రశ్నకు ఏం చెబుతోంది, నేను ఎక్కడ ఒప్పుకోను, ఏ పేజీ చూసి ఆ మాట అంటున్నాను, ఈ మూడూ రాస్తే చాలు. రేపు మీ సమీక్ష చాప్టర్‌లో అది ఒక పేరా అవుతుంది.

రాయడం వల్ల ఇంకో లాభం ఉంది. "ఆ తర్వాత వలస బాగా పెరిగింది" అని రాయగానే చెయ్యి ఆగుతుంది. ఎప్పటి తర్వాత? ఎంత పెరిగింది? ఎవరు లెక్కపెట్టారు? రేపు ఏం చదవాలో ఆ ప్రశ్నలే చెబుతాయి. చదువుతూ ఉన్నంతసేపు అన్నీ తెలిసినట్టే ఉంటుంది. ఏది తెలియదో బయటపడేది రాసేటప్పుడే.

సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన) ఇంకా ఓకే అవలేదు. ఇప్పటినుంచే రాయడం తొందరపాటు కాదా?

కాదు. ఇప్పుడు రాసేది చాప్టర్ కానక్కర్లేదు. నా టాపిక్ ఏంటి, దీని మీద నాకెందుకు ఆసక్తి, ఎవరు ఏమన్నారు అని మామూలు మాటల్లో రాసుకోండి. సినాప్సిస్ మారినా ఆ ఆలోచన పోదు.

రోజుకు ఎంత రాయాలి?

మొదట్లో మాటలు లెక్కపెట్టకండి, సమయం లెక్కపెట్టండి. రోజుకు అరగంట చాలు. ఆ అరగంటలో నాలుగు వాక్యాలే వచ్చినా ఆ రోజు రాసినట్టే.

ఒకటి రెండు నెలలు గడిచాక మాటల లెక్క పెట్టుకోవచ్చు. రోజుకు 200 మాటలు, నెలకు 25 రోజులు అనుకుంటే నెలకు 5,000, ఏడాదికి 60,000 మాటలు. అందులో సగం కొట్టేసినా 30,000 మిగులుతాయి, అది రెండు మూడు చాప్టర్ల సరుకు. మొదటి రోజే వెయ్యి మాటలని టార్గెట్ పెట్టుకున్నవాళ్లు నాలుగో రోజుకే మానేయడం నేను చాలాసార్లు చూశాను.

నేను డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. పొద్దున్న బస్సు, సాయంత్రం బస్సు. టైమ్ ఎక్కడుంది?

పలాస నుంచి శ్రీకాకుళం, విజయనగరం నుంచి వైజాగ్ రోజూ తిరిగేవాళ్లు అడిగే ప్రశ్న ఇది. నిజంగానే కష్టం. ఆదివారం మొత్తం కూర్చుని రాసేద్దాం అనుకోవడం సహజమే గానీ, ఆదివారం ఉన్నది వారం రోజుల బట్టలకి, బంధువులకి, నిద్రకి. ఆ రోజు మీద థీసిస్ పెట్టుకుంటే నెలకు ఒక్క ఆదివారమే దొరుకుతుంది.

నేను చూసినవాటిలో బాగా నిలబడేవి రెండు. ఒకటి, ఒక బస్సు ముందు ఎక్కి, కాలేజీలో మొదటి పీరియడ్‌కి ముందు దొరికే అరగంట లైబ్రరీలో కూర్చోవడం. స్టాఫ్ రూమ్‌లో మాత్రం కూర్చోకండి, అక్కడ ఎవరో ఒకరు పలకరిస్తారు. రెండోది, ఇంట్లో పొద్దున్న టీ తాగి గ్లాసు కింద పెట్టగానే ల్యాప్‌టాప్ తెరవడం. ఎప్పుడో ఒకప్పుడు రాస్తాను అనుకునే కంటే, రోజూ తప్పకుండా జరిగే ఒక పనికి తగిలించి "అది అయిన వెంటనే ఇది" అని నిర్ణయించుకుంటే అమలయ్యే అవకాశం ఎక్కువ. దీని మీద మనస్తత్వ శాస్త్రంలో చాలా పరిశోధన జరిగింది.

బస్సులో డ్రాఫ్ట్ రాయాలని ప్రయత్నించకండి. రేపు రాయాల్సిన పేరా గురించి ఒక ప్రశ్న మనసులో పెట్టుకుని, తట్టింది ఫోన్‌లో వాయిస్ రికార్డు చేసుకుంటే చాలు.

పొద్దున్న రాయాలా, రాత్రి రాయాలా?

మీ దగ్గర్నుంచి ఎవరూ లాక్కోలేని గంట ఏదైతే అది. చాలామందికి అది తెల్లవారుజామున దొరుకుతుంది. వేసవిలో ఈ తీరంలో ఉక్కపోతకి మధ్యాహ్నం కూర్చోవడం ఎలాగూ కుదరదు. రాత్రి పదింటికే చురుకుగా ఉండేవాళ్లు రాత్రే రాసుకోండి. పూటకొక టైమ్ మార్చడం ఒక్కటి వద్దు.

ఇంట్లో విడిగా గది లేదు. ఎక్కడ కూర్చోవాలి?

గది కంటే ముఖ్యం రోజూ అదే చోట కూర్చోవడం. భోజనాల బల్లకు ఒక మూలైనా ఫర్వాలేదు. థీసిస్ సామానంతా ఒకే సంచిలో పెట్టుకుంటే, కూర్చున్న వెంటనే మొదలుపెట్టొచ్చు, లేవగానే బల్ల ఖాళీ చేయొచ్చు.

బయట కూర్చోవాలంటే శ్రీకాకుళం, విజయనగరం రెండు పట్టణాల్లోనూ గ్రంథాలయాలున్నాయి. రీడింగ్ రూముల్లో గ్రూప్స్‌కి, డీఎస్సీకి చదివే పిల్లలు కిక్కిరిసి ఉంటారు, అయినా వెళ్లండి. అంతమంది తల వంచుకుని చదువుతుంటే మనకూ ఫోన్ తీయబుద్ధి కాదు.

21 రోజులు వరసగా చేస్తే అలవాటైపోతుందట కదా?

ఆ లెక్కకు ఆధారం లేదు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మంది మీద చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. ఒక పని ఆలోచించకుండా జరిగిపోయే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. అదీ మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా మారింది. వాళ్లు చూసినవి నీళ్లు తాగడం, పండు తినడం, నడవడం లాంటి పనులు. థీసిస్ రాయడం అంతకంటే బరువైనది కాబట్టి మూడు నాలుగు నెలలు పడుతుందనుకునే మొదలుపెట్టండి. నెల దాటినా ఇంకా బలవంతంగానే కూర్చుంటున్నానని దిగులు పడొద్దు.

## మొదటి వారాలు

టైముకి కూర్చుంటాను. కానీ ఏం రాయాలో తోచదు.

"ఈ రోజు మూడో చాప్టర్ రాయాలి" అని కూర్చుంటే ఎవరికైనా తోచదు. చాప్టర్ అనేది ఒక్కరోజులో రాసేది కాదు. అరగంటలో జవాబు చెప్పగలిగే చిన్న ప్రశ్న కావాలి. "పొందూరు నేతగాళ్లలో పిల్లల్ని మగ్గం మీదికి పంపని ఇళ్లు ఏ కారణాలు చెప్పాయి?" అన్నది అలాంటి ప్రశ్న. "చేనేత సంక్షోభం" అన్నది కాదు.

ఆ ప్రశ్నను కూర్చున్నాక వెతుక్కోకండి. ఈ రోజు రాయడం ఆపేముందు చివరి రెండు నిమిషాల్లో రేపటి ప్రశ్న రాసి లేవండి. ఇంకో రెండు వాక్యాలు రాయగలను అనిపిస్తున్నప్పుడే ఆపితే ఇంకా మంచిది. మర్నాడు ఖాళీ పేజీ ముందు కూర్చోనక్కర్లేదు, సగంలో ఉన్న మాటను అందుకుంటే చాలు.

ఒక వాక్యం రాసి దాన్నే పదిసార్లు దిద్దుతూ ఉంటాను. ముందుకు పోలేను.

రాసే పూట వేరు, దిద్దే పూట వేరు అని గట్టిగా నిర్ణయించుకోండి. రాసేటప్పుడు పేరు గుర్తురాకపోతే, అంకె కావాల్సి వస్తే, "చూడాలి" అని టైప్ చేసి ముందుకు వెళ్లిపోండి. సాయంత్రమో మర్నాడో ఫైల్‌లో ఆ మాటను వెతికితే పెండింగ్ పనులన్నీ వరసగా దొరుకుతాయి.

ఒక ఉదాహరణ చూపిస్తాను. శ్రీకాకుళం తీరం నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కి బోట్ల మీద పనికి వెళ్లే మత్స్యకారుల మీద ఒకరు థీసిస్ రాస్తున్నారనుకుందాం. మొదటి రోజు ఇలా రావచ్చు:

"ఇక్కడ పని లేక వెళ్తున్నారు. ఎంతమంది? చూడాలి. కానీ పని లేకే వెళ్తున్నారా? పని ఉన్న ఇళ్లవాళ్లూ వెళ్తున్నారు. ముసలాయన అడ్వాన్స్ గురించి చెప్పాడు కదా, సీజన్‌కి ముందే ఇచ్చేస్తారని. ఆ డబ్బు దేనికి వాడుతున్నారు, చూడాలి."

మర్నాడు అదే ఇలా మారుతుంది:

"ఈ వలసకు ఉపాధి లేకపోవడం ఒక్కటే కారణమంటే సరిపోదు. సీజన్‌కు ముందే చేతికందే అడ్వాన్సు కూడా కుటుంబాల నిర్ణయాన్ని మారుస్తోంది."

రెండో దానిలో ఒక వాదన ఉంది. అది పుట్టింది మొదటి రోజు రాసిన "కానీ పని లేకే వెళ్తున్నారా?" అన్న అనుమానంలో. మొదటి వాక్యం దగ్గరే ఆగి భాష దిద్దుతూ కూర్చుంటే ఆ అనుమానం కాగితం మీదికి వచ్చేదే కాదు.

ఫోన్ పక్కన పెట్టలేకపోతున్నాను.

వేరే గదిలో ఛార్జింగ్‌కి పెట్టి రండి. సైలెంట్‌లో పెట్టి పక్కనే ఉంచుకుంటే లాభం లేదు. ఆ అరగంటకి ల్యాప్‌టాప్‌లో కూడా నెట్ అవసరం లేదు, కావాల్సినవి ముందే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

చేత్తో రాయాలా, టైప్ చేయాలా? తెలుగు టైపింగ్ రాదు.

ఆలోచన చేత్తోనే సాగేవాళ్లు చేత్తోనే రాయండి. కాకపోతే ప్రతి వారం ఆ వారం పేజీలు టైప్ అయిపోవాలి. నోట్‌బుక్కులు పేరుకుపోతే చివర్లో డీటీపీ షాపు చుట్టూ తిరగడమే సరిపోతుంది.

తెలుగు థీసిస్ అయితే ఒక జాగ్రత్త. మన ఊళ్లలో చాలా డీటీపీ షాపుల్లో ఇప్పటికీ అను ఫాంట్లలో కొడతారు. ఆ ఫైల్ వేరే కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి, దాంట్లో ఒక మాటను వెతకడం కూడా కష్టం. మొదటి రోజు నుంచే యూనికోడ్‌లో టైప్ చేసుకోండి. ఫోన్‌లో జీబోర్డ్, కంప్యూటర్‌లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్, రెండూ ఉచితమే. ఇన్‌స్క్రిప్ట్ మొదట విసిగిస్తుంది, రోజూ అరగంట దాంట్లోనే రాస్తే వేళ్లకు అదే వస్తుంది. వాయిస్ టైపింగ్ తెలుగులో బాగానే పనిచేస్తుంది గానీ మన యాస మాటల్ని మార్చేస్తుంది. ఇంటర్వ్యూల్లో మనుషులు అన్న మాటల్ని మాత్రం చేత్తో సరిచూసుకోవాలి.

తెలుగులో రాస్తున్నాను. బరువైన భాష రాయాలేమో అనిపించి చెయ్యి సాగదు.

శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు జీవితమంతా పోరాడింది ఈ బరువు దించడానికే. "ఈ అంశము యొక్క ప్రాధాన్యతను గుర్తెరుగవలసిన ఆవశ్యకత ఎంతైనా కలదు" అనే వాక్యంలో సమాచారం ఏమీ లేదు. "ఇది ముఖ్యం, ఎందుకంటే" అని మొదలుపెడితే, ఆ తర్వాత కారణం చెప్పక తప్పదు. పరిశోధనకు కావాల్సింది ఆ కారణమే. మీ సబ్జెక్టు పారిభాషిక పదాలు ఎలాగూ ఉంటాయి, మిగతాదంతా క్లాసులో పిల్లలకు చెప్పినట్టు రాయండి.

తెలుగు మీడియంలో చదివాను. థీసిస్ ఇంగ్లిష్‌లో రాయాలి. భయంగా ఉంది.

ముందు విషయాన్ని తెలుగులో రాసుకోండి, తప్పేం లేదు. తర్వాత దాన్ని వాక్యం వాక్యం అనువదించకుండా, పక్కన పెట్టేసి, అదే విషయాన్ని ఇంగ్లిష్‌లో చిన్న చిన్న వాక్యాలుగా మళ్లీ చెప్పండి. ఒక వాక్యంలో ఒక్క సంగతి. మీ సబ్జెక్టులో బాగా రాసిన ఒక పరిశోధనా వ్యాసం తీసుకుని, వాళ్లు డేటాను పరిచయం చేయడానికి, ఇతరులతో విభేదించడానికి ఎలాంటి వాక్యాలు వాడుతున్నారో గమనించండి. భాష చివర్లో ఎవరైనా దిద్దగలరు. ఆలోచన మాత్రం మీరే పెట్టాలి.

## మధ్యలో తెగినప్పుడు

సంక్రాంతికి వారం పోయింది. పెళ్లిళ్లలో ఇంకో వారం. మళ్లీ మొదలుపెట్టలేకపోతున్నాను.

పోయిన రోజుల్ని పూడ్చడానికి ప్రయత్నించకండి. వారం బాకీ తీరుద్దామని ఒకేసారి నాలుగు గంటలు కూర్చున్నవాళ్లు మర్నాడు కనిపించరు. తిరిగొచ్చిన రోజు పది నిమిషాలే కూర్చోండి, చివరగా రాసిన పేజీ చదివి మూడు వాక్యాలు కలపండి. రెండు రోజుల్లో పాత వరస దానంతటదే వస్తుంది.

పండగలు చెప్పకుండా వచ్చేవి కావు. విజయనగరంలో ఉన్నవాళ్లకు దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం అని ముందే తెలుసు. ఇంటి నిండా చుట్టాలుంటారు, రోడ్ల మీద అడుగు పెట్టే చోటుండదు. అలాంటి రోజుల్ని కేలండర్‌లో ముందే సెలవుగా రాసుకోండి. ముందే అనుకున్న సెలవు తర్వాత మళ్లీ కూర్చోవడం తేలిక. "ఈ రోజు కూడా రాయలేదు" అనే బాధతో గడిపిన రోజు తర్వాతే కష్టం.

ఫీల్డ్‌వర్క్‌లో ఉన్నాను. పగలంతా ఊళ్లు తిరగడమే. ఏం రాయను?

ఫీల్డ్ నోట్సే మీ రోజువారీ రాత. సీతంపేట వైపు గూడేల్లోనో, ఉద్దానంలో కిడ్నీ రోగుల ఇళ్లలోనో తిరిగి వచ్చిన రోజు, పడుకునేలోపు రాయాలి. పేజీని నిలువుగా రెండుగా మడవండి. ఎడమవైపు చూసింది, విన్నది ఉన్నదున్నట్టు. కుడివైపు మీకేమనిపించింది, ఏది ఆశ్చర్యపరిచింది, రేపు ఎవరిని ఏం అడగాలి. కుడివైపు రాతే తర్వాత విశ్లేషణ చాప్టర్‌కి పనికొస్తుంది. అది ఆ రాత్రే రాయాలి, నెల తర్వాత ఊహించి రాయలేం.

రికార్డింగులు పేరుకోనివ్వకండి. గంట ఆడియోను రాత రూపంలోకి తేవడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మనుషుల అసలు పేర్లు నోట్సులో రాయకుండా గుర్తులు పెట్టుకోండి. ఏ గుర్తు ఎవరిదో తెలిపే జాబితా వేరే చోట దాచండి. వాళ్లు తమ జబ్బుల గురించి, అప్పుల గురించి మనల్ని నమ్మి చెప్పారు.

నాది ల్యాబ్ పని. రిజల్ట్ రాకుండా ఏం రాస్తాం?

పద్ధతుల చాప్టర్ రాయండి, పని నడుస్తున్నప్పుడే వివరాలు గుర్తుంటాయి. బొమ్మలకు, పట్టికలకు కింద వివరణలు రాయండి. ప్రయోగం విఫలమైతే ఏం మార్చి చూశారో, ఎందుకు కాలేదనుకుంటున్నారో ఆ రోజే అరపేజీ పెట్టండి. వైవాలో (చివరి మౌఖిక పరీక్షలో) "వేరే పద్ధతి ఎందుకు వాడలేదు?" అంటే ఆ పేజీలే ఆదుకుంటాయి.

కరెంటు పోతుంది, తుఫాను వస్తుంది. ఫైల్ పోతుందేమోనని భయం.

భయపడాల్సిందే. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్, 2018 అక్టోబర్‌లో తిత్లీ వచ్చినప్పుడు ఈ వైపు చాలా ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. తిత్లీ పలాస, ఉద్దానం వైపు తోటలనే పడగొట్టింది.

ఫైల్ మూడు చోట్ల ఉండాలి: ల్యాప్‌టాప్‌లో, పెన్‌డ్రైవ్‌లో, గూగుల్ డ్రైవ్‌లో. డ్రైవ్‌లో 15 జీబీ వరకు ఉచితం, థీసిస్‌కి అది చాలా ఎక్కువ. ప్రతి శనివారం ఆ రోజు తేదీతో కొత్త కాపీ పెట్టండి, పాతదాన్ని చెరపకండి. పెన్‌డ్రైవ్‌ను ల్యాప్‌టాప్ బ్యాగులోనే పెట్టుకుంటే రెండూ కలిసే పోతాయి. అక్టోబర్, నవంబర్ నెలల్లో తుఫాను హెచ్చరిక రాగానే ప్రస్తుతం రాస్తున్న చాప్టర్ ప్రింట్ తీసుకోండి. కరెంటు లేని రోజుల్లో పెన్నుతో దిద్దుకోవచ్చు.

ఊరెళ్తే చాలు, "ఇంకా అవ్వలేదా?" అంటారు. టెన్షన్ వచ్చేస్తుంది.

"ఏటి బావూ, ఇంకా అవనేదా?" అని అడిగేవాళ్లలో చాలామందికి మీ మీద ఆపేక్షే. పిహెచ్‌డీ అంటే పరీక్ష రాసి పాసయ్యేది అనుకుంటారు. ఒక్క వాక్యం జవాబు సిద్ధంగా పెట్టుకోండి: "మూడో చాప్టర్ రాస్తున్నాను చిన్నాన్నా, వచ్చే వేసవికి ఇచ్చేస్తాను." రోజూ రాస్తున్నవాళ్లకు ఈ జవాబు చెప్పేటప్పుడు గొంతు తడబడదు.

పిల్లలు, వంట, అత్తగారి మందులు, పైన ఉద్యోగం. ఆడవాళ్లకి ఇది అయ్యే పనేనా?

అవుతుంది. కానీ "నాలుగింటికి లేచి రాసుకో" అనే సలహా ఒక్కటే ఇచ్చేవాళ్ల మాట వినకండి. పదకొండింటికి పడుకునే మనిషి నాలుగింటికి లేస్తే కొన్నాళ్లకు ఆరోగ్యం పోతుంది, రాతా పోతుంది. మీ నిద్రలోంచి కాకుండా, ఇంటి పనిలోంచి ఆ గంట రావాలి. అంటే ఆ పని ఇంకెవరో చేయాలి.

దాన్ని విడమర్చి అడగండి. "కాస్త సాయం చేయండి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "రోజూ సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది దాకా పాపను మీరు చూసుకోవాలి, ఆ గంట నన్ను పిలవకూడదు" అంటే అర్థమవుతుంది. అత్తగారితో కూడా ఇదే మాట ముందే చెప్పుకోండి: "అత్తయ్యగారూ, ఎనిమిదింటికి వచ్చి మందులు నేనే ఇస్తాను." మొదటి వారం నాలుగుసార్లు పిలుస్తారు. లేచి వెళ్లకుండా గంట పూర్తి చేస్తేనే ఇంట్లో అందరికీ అది అలవాటవుతుంది.

నిబంధనల్లో ఉన్న వెసులుబాటు కూడా వాడుకోండి. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2022 నిబంధనల ప్రకారం మహిళలకు మామూలు గడువు మీద అదనంగా రెండేళ్లు ఇవ్వవచ్చు. ప్రసూతికి, పిల్లల సంరక్షణకు 240 రోజుల వరకు సెలవు ఉంది. అడగడానికి మొహమాటపడొద్దు.

గైడ్ గారు నెలల తరబడి డ్రాఫ్ట్ చూడట్లేదు. రాసి ఏం లాభం?

అరవై పేజీల చాప్టర్ ఇస్తే ఎవరైనా పక్కన పెడతారు. ఆరేడు పేజీలు ఇవ్వండి, పైన మీకు కావాల్సిన రెండు మూడు ప్రశ్నలు రాయండి: "సార్, ఈ వాదనకు డేటా సరిపోతుందా? ఈ భాగం నాలుగో చాప్టర్‌కి మార్చమంటారా?" మెయిల్ చూడనివాళ్లకు ప్రింట్ ఇవ్వండి. "ఎప్పుడు రమ్మంటారు?" అని అక్కడే తేదీ అడిగి రాసుకోండి.

ఆయన చూసేదాకా ఆగకుండా తర్వాతి భాగం రాస్తూనే ఉండండి. ప్రతి సెమిస్టర్ రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు మీ ప్రోగ్రెస్ చెప్పాలి. రోజూ రాసినవి అక్కడ చూపించగలిగితే, గైడ్ దగ్గర ఆలస్యమైనా మీరు ఆగలేదని రికార్డులో ఉంటుంది.

ఎర్ర గీతలతో డ్రాఫ్ట్ తిరిగొచ్చింది. తెరవాలంటేనే భయం.

మొదటి రోజు చదవడం వరకే. రెండో రోజు ప్రతి వ్యాఖ్యనూ ఒక పనిగా మార్చి జాబితా రాయండి, అప్పుడే చాలావరకు స్పెల్లింగు, రెఫరెన్సు దిద్దుళ్లని తేలుతుంది. మూడో రోజు వాటిలో తేలికైనవాటితో మొదలుపెట్టండి.

నెలలుగా నిద్ర పట్టట్లేదు, థీసిస్ గుర్తొస్తే ఏడుపొస్తోంది. ఇది బద్ధకమేనా?

కాదు, దయచేసి అలా అనుకోకండి. ఇప్పుడు కావాల్సింది టైమ్‌టేబుల్ కాదు, మనిషి తోడు. ఇంట్లో ఒకరితో మాట్లాడండి, డాక్టర్ని కలవండి. ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. థీసిస్‌కి గడువు పెంచుకోవచ్చు, ముందు మీరు కోలుకోవాలి.

## ముక్కల నుంచి సబ్మిషన్ దాకా

రోజూ రాసిన ముక్కలు వందల పేజీలయ్యాయి. ఇవి చాప్టర్ ఎలా అవుతాయి?

ప్రింట్ తీయండి, స్క్రీన్ మీద ఈ పని సాగదు. ప్రతి పేరా పక్కన అది చెబుతున్న సంగతి ఒక్క లైనులో రాయండి. ఒక్క లైనులో చెప్పలేకపోతే ఆ పేరాలో రెండు సంగతులున్నట్టు, లేదా ఏదీ లేనట్టు. ఆ లైన్లన్నీ విడిగా ఒక కాగితం మీద వరసగా రాసి చదివితే, ఏది ముందు రావాలో, ఏది రెండుసార్లు చెప్పారో, ఎక్కడ ఖాళీ ఉందో కనబడుతుంది. వరస కుదిరాక కాగితాలు కత్తిరించి నేల మీద పరుచుకుని అతికించేవాళ్లూ ఉన్నారు. నాకు తెలిసినంతలో ఇదే అన్నింటికంటే త్వరగా అయ్యే పద్ధతి.

పనికిరాని పేరాల్ని చెరపకుండా "మిగులు" అని ఒక ఫైల్‌లో పడేయండి, అప్పుడు కొట్టేయడానికి మనసొప్పుతుంది. విజయనగరంలో గురజాడ 1892లో ప్రదర్శించిన కన్యాశుల్కం 1897లో అచ్చయింది. మనం ఇప్పుడు చదువుతున్నది ఆయన బాగా పెంచి, తిరగరాసి 1909లో వేసినది. మీ మొదటి డ్రాఫ్ట్‌ను తిరగరాయాల్సి వస్తే అందులో చిన్నతనం ఏమీ లేదు.

దిద్దిన రోజు కూడా రాసిన రోజే అవుతుందా?

అవుతుంది. కానీ మొదటి పది నిమిషాలు ఏదైనా కొత్తది రాసి, తర్వాత దిద్దడానికి వెళ్లండి. వారాల తరబడి దిద్దుడే అయితే కొత్త చాప్టర్ మొదలుపెట్టడం మళ్లీ బరువవుతుంది.

ప్లేజరిజం ఎంత శాతం వరకు ఫర్వాలేదు?

యూజీసీ 2018 నిబంధనల్లో పోలిక 10 శాతం లోపు ఉంటే చర్య ఉండదు. 10 దాటి 40 వరకు ఉంటే ఆరు నెలల లోపు సవరించి మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది దాకా సవరించిన ప్రతి కూడా ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. రెఫరెన్స్ ఇచ్చి కోట్ చేసిన భాగాలు, గ్రంథసూచి, వరసగా 14 మాటల వరకు యాదృచ్ఛికంగా కలిసే మామూలు పదాలు ఈ లెక్కలోకి రావు.

ఈ సమస్య చివర్లో పుట్టదు. నోట్స్ రాసుకునే రోజే, పుస్తకంలోంచి ఎత్తి రాసిన వాక్యానికి కొటేషన్ గుర్తులు, పేజీ నంబరు పెట్టకపోతే, ఏడాది తర్వాత అది మీ వాక్యమో వాళ్ల వాక్యమో మీకే తెలియదు. పుస్తకం మూసి మీ మాటల్లో రాయడం రోజూ చేస్తే సాఫ్ట్‌వేర్ గురించి భయం ఉండదు.

ఏఐతో రాయించుకుంటే తప్పేంటి? అందరూ చేస్తున్నారు.

లేని పుస్తకాల్ని, లేని పేజీ నంబర్లని అది నమ్మకంగా ఇస్తుంది, ముందు అదొక ప్రమాదం. అంతకంటే పెద్దది, వైవాలో "ఈ నిర్ధారణకు ఎలా వచ్చారు?" అని అడిగితే చెప్పడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. అక్షర దోషాలు చూసుకోవడానికి, ఇంగ్లిష్ వాక్యం సరిచూసుకోవడానికి మీ యూనివర్సిటీ ఒప్పుకుంటే వాడండి. వాదన మాత్రం మీ చేత్తో రాయండి.

గడువు ఎంతుంది? రోజుకు అరగంటతో అందుకోగలనా?

యూజీసీ 2022 నిబంధనల కింద కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. రీరిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్ల వరకు పెంచవచ్చు. అంతకుముందు చేరినవాళ్లకు పాత నిబంధనలు వర్తించవచ్చు కాబట్టి యూనివర్సిటీ రీసెర్చ్ సెక్షన్‌లో అడిగి, తేదీ కాగితం మీద రాసుకోండి. గడువు రెండేళ్లు ఉంటే అరగంట చాలు. ఏడాది కంటే తక్కువ ఉంటే రోజుకు రెండు పూటలు, పూటకు నలభై ఐదు నిమిషాలు కావాలి. ఆఖరి మూడు నెలల్ని ఫార్మాటింగ్‌కి, రెఫరెన్సులకి, ప్రీ సబ్మిషన్ సెమినార్‌కి విడిచిపెట్టి లెక్క వేసుకోండి.

థీసిస్ ఇచ్చేశాను. ఇక రాయడం ఆపేయొచ్చా?

ఒక వారం హాయిగా పడుకోండి. తర్వాత అదే టైముకి, అదే చోట మళ్లీ కూర్చోండి. వైవా పిలుపు రావడానికి నెలలు పడుతుంది, ఆలోగా ఒక్కో చాప్టర్‌కి ఒక్కో పేజీ సారాంశం రాసుకుంటే వైవాకి మీ తయారీ దాదాపు అయిపోయినట్టే. ఆ తర్వాత ఒక చాప్టర్‌ని వ్యాసంగా కుదించండి.

థీసిస్ శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ థీసిస్‌ల భాండాగారంలోకి ఎక్కుతుంది, పరిశోధకులు చదువుకుంటారు. మీకు డేటా ఇచ్చిన ఊరివాళ్లు అక్కడికి వెళ్లి చదవరు. వాళ్ల కోసం తెలుగులో నాలుగు పేజీలు రాసి, పత్రికకు పంపేముందు ఆ ఊరికి తీసుకెళ్లి చదివి వినిపించండి. సర్వే నంబరు, చెరువు పేరు, కూలి రేటు, ఏది తప్పు పడినా వాళ్లు అక్కడే చెబుతారు.